జోష్ నుంచి టిల్లు దాకా: సిద్దూ జొన్నలగడ్డను నిలబెట్టింది నటనా, రాతా?

రెండో_ఆట

'డీజే టిల్లు' తర్వాత సిద్దూ జొన్నలగడ్డ గురించి మాట్లాడేవాళ్లలో సగం మంది, అతను ఆ సినిమాతోనే పుట్టినట్టు మాట్లాడుతున్నారు. 'జోష్' వచ్చింది 2009లో. నాగచైతన్య మొదటి సినిమా. అందులో సిద్దూ ఉన్నాడని తెలిసి వెతికితే తప్ప కనపడడు. మరుసటి ఏడు 'ఆరెంజ్'లో ఇంకో చిన్న వేషం. 2011లో ప్రవీణ్ సత్తారు 'లైఫ్ బిఫోర్ వెడ్డింగ్'లో ముఖ్యపాత్ర దొరికింది కానీ ఆ సినిమా పెద్దగా జనంలోకి పోలేదు. 2014లో తమిళం వెళ్లి 'వల్లినం'లో విలన్‌గా చేశాడు. 2016లో 'గుంటూరు టాకీస్'. ఆ తర్వాత మళ్లీ చాలాకాలం చెప్పుకోదగ్గ సందడి లేదు. టిల్లు థియేటర్లకొచ్చేసరికి 2022 ఫిబ్రవరి.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించిందేంటంటే, 'గుంటూరు టాకీస్' నుంచి టిల్లు దాకా అతను హీరోగా చేసిన ప్రతి సినిమా రచనలోనూ అతని చెయ్యి ఉంది. 'గుంటూరు టాకీస్', 'కృష్ణ అండ్ హిజ్ లీల', 'మా వింత గాధ వినుమా', టిల్లు. అంటే బయటివాళ్లు రాసిన కథకి హీరోగా ఎవరూ పిలవలేదా, పిలిచినా ఇతనే పోలేదా? ఇంతకీ మనం చూస్తున్నది రాసుకునే నటుణ్నా, నటించే రచయితనా? మీరేమంటారు?

నేలటికెట్

రెండూ కాదు. జుట్టు.

సీన్_పేపర్

నేలటికెట్ అన్నా, ఆ జుట్టు కూడా రాసుకున్నదే అనుకో.

నేను రైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను, ఏ సినిమాలకి అని అడగొద్దు. 2016లో జరిగింది మాత్రం చెప్పుకోవాలి. ఫిబ్రవరి 26న 'క్షణం', మార్చి 4న 'గుంటూరు టాకీస్'. వారం తేడా. రెండింట్లోనూ హీరోయే రచనలో భాగస్వామి. అక్కడ అడివి శేష్, ఇక్కడ సిద్దూ. రెండింటికీ సంగీతం శ్రీచరణ్ పాకాల. బుల్లితెర యాంకర్లు కూడా పంచుకున్నట్టు అక్కడ అనసూయ పోలీసు, ఇక్కడ రష్మి హీరోయిన్. ఒకటి ఊపిరాడనివ్వని థ్రిల్లర్, ఇంకోటి అల్లరి కామెడీ. పోలికే లేదు. కానీ రెండూ పుట్టిన అవసరం ఒక్కటే: ఇండస్ట్రీలో ఏళ్లు గడిచాయి, మొహం జనానికి కాస్త తెలుసు, ఆ మొహానికి కథ రాసేవాడు మాత్రం లేడు.

శేష్ ముందే రెండు దెబ్బలు తిన్నాడు. 2010లో 'కర్మ' తనే రాసి, తీసి, నటించాడు. తర్వాత 'పంజా'లో పవన్ కల్యాణ్ మీద విలన్‌గా అందరికీ నచ్చాడు. ఆ ఊపు మీద 2013లో 'కిస్' మళ్లీ తనే రాసి తీశాడు, ఆడలేదు. 'క్షణం' దగ్గరికొచ్చేసరికి కథ, స్క్రీన్‌ప్లే వరకు తన దగ్గర పెట్టుకుని డైరెక్షన్ రవికాంత్ పేరేపు అనే కొత్త కుర్రాడికి ఇచ్చాడు. ఆ రవికాంతే తర్వాత సిద్దూతో కూర్చుని 'కృష్ణ అండ్ హిజ్ లీల' రాశాడు. లెక్క చూస్తే ఇదంతా ఒక చిన్న గుంపు. బయట తలుపులు తెరుచుకోక, లోపల వాళ్లలో వాళ్లే పని కల్పించుకున్నారు.

పేటశీను

గుంటూరు టాకీస్‌ని మరీ ఆకాశానికెత్తకండి. నేను అటువైపు వాణ్నే. మందుల షాపులో పనిచేసే ఇద్దరు, జీతం చాలక రాత్రిళ్లు ఇళ్లల్లో చిల్లర దొంగతనాలు చేయడం అనే ఆలోచన బ్రహ్మాండం. లక్షలు కనపడినా ముట్టుకోకుండా, పోయిందని ఎవడూ కేసు పెట్టనంత తీసుకుపోయే దొంగలంటే మనవాళ్ల బుద్ధి బాగా పట్టినట్టే. నరేష్ గారితో ఆ జోడీ కూడా కుదిరింది. కానీ సగం డైలాగులు ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టలేం. ఆడవాళ్లు వచ్చిన ప్రతిసారీ రాత ఒక మెట్టు దిగిపోతుంది. అది జనం అడిగారని కాదు, రాసేవాళ్లకి అంతకంటే తోచలేదని నా అభిప్రాయం.

వసంత_కోకిల

శీను గారి మాటే నాదీ. అయితే అక్కడ ఆగిపోకుండా 'కృష్ణ అండ్ హిజ్ లీల' చూడండి. 2020 జూన్‌లో, లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లల్లో పడున్నప్పుడు, హడావిడి ఏమీ లేకుండా నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్షమైంది. పేర్ల మీద గొడవ కూడా అయింది (హీరో కృష్ణ, అమ్మాయిల్లో ఒకరు సత్య, ఒకరు రాధ). ఆ గొడవలో సినిమా సంగతి వెనక్కిపోయింది.

అందులో కృష్ణ అప్పుడప్పుడూ మనవైపు తిరిగి కెమెరాతో మాట్లాడతాడు. మొదట ఇదేదో స్టైల్ అనుకున్నాను. రెండోసారి చూస్తే పనితనం కనపడింది. అమ్మాయిల దగ్గర అతను మాట దాటేస్తాడు, నసుగుతాడు, సగమే చెప్తాడు. పక్కకి తిరిగి మనకి మాత్రం నిజం చెప్తాడు. అంటే అబద్ధంలో మనల్ని కూడా వాటాదారుల్ని చేస్తాడు. ఇంకో నటుడెవరైనా అయితే ఆ మాటలు మనల్ని బుట్టలో వేసుకోడానికి చెప్పేవాడు. ఇతను చెప్పేటప్పుడు కళ్లల్లో ఒక చిన్న బెదురు ఉంటుంది, మనం కూడా నమ్మట్లేదేమో అని. ఆ బెదురు పేపర్ మీద రాయగలిగేది కాదు. కానీ అలాంటి చోటు ఒకటి కావాలని రాసేటప్పుడే తెలియాలి.

గుంటూరు టాకీస్‌లో ఆడపాత్రలు హీరో కోసం ఉన్నాయి. ఇక్కడ శ్రద్ధా శ్రీనాథ్ పాత్రకి తన కోపం, తన లెక్క తనకున్నాయి. నాలుగేళ్లలో అంత మార్పు రావడం చిన్న విషయం కాదు. అందులో రవికాంత్ వాటా ఎంత, ఇతనిది ఎంత అంటే వాళ్లిద్దరికే తెలియాలి.

పాతసినిమా_పంతులు

నటులు రాయడం, రచయితలు నటించడం మనకి కొత్తేం కాదు. గొల్లపూడి మారుతీరావు గారు 1964లో 'డాక్టర్ చక్రవర్తి'కి రాశారు, నటుడిగా తెరమీదికొచ్చింది 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో. తనికెళ్ల భరణి గారు 1989లో 'శివ'కి మాటలు రాసి, అందులోనే నానాజీగా కనిపించారు. ఎల్బీ శ్రీరామ్ గారు ఈవీవీ సినిమాలకి ఎంత రాశారో, తర్వాత ఆయన సినిమాల్లోనే అంత నవ్వించారు.

కానీ ఒక తేడా గమనించండి. వీళ్లందరికీ కలం ముందు, మొహం తర్వాత. వచ్చిన వేషాలు కూడా పక్కవే. హీరో వేషం కోసం కలం పట్టినవాళ్లు కాదు. శేష్, సిద్దూ తరానిది వేరే సంగతి. వీళ్లకి కలం సిఫారసు ఉత్తరం లాంటిది, తమ గురించి తామే రాసుకున్నది.

ఈ రెండింటికీ మధ్యలో అవసరాల శ్రీనివాస్‌ని పెట్టాలి. 2008లో 'అష్టా చమ్మా'తో నటుడిగా వచ్చి, 2014లో 'ఊహలు గుసగుసలాడే' రాసి తీశాడు. రాసినవాడు తనే, తీసినవాడు తనే. హీరో వేషం మాత్రం నాగశౌర్యకి ఇచ్చి, అమ్మాయితో మాట్లాడ్డం చేతకాని బాసు వేషం తను తీసుకున్నాడు. అలాంటి లెక్క వేయగల నటుడు అరుదు.

నేలటికెట్

మాస్టారూ, సిఫారసు ఉత్తరం ఇప్పటి పిల్లలకి తెలీదు. రీల్ అనండి.

అమీర్‌పేట_అద్దెగది

అందరికీ నమస్తే. నేను ఆడిషన్లు ఇస్తూ తిరిగేవాణ్ని, రాసుకుంటాను కూడా. అందుకే ఈ చర్చ పట్టుకుని కూర్చున్నా.

ఆడిషన్ అంటే ఏంటో బయటివాళ్లకి తెలియదు. అరపేజీ ఇస్తారు. ముందూ వెనకా ఏముందో చెప్పరు. 'కోపంగా చెయ్యి' అంటారు, చేశాక 'కొంచెం కామెడీగా' అంటారు. ఆ అరపేజీలో మాటలు చాలాసార్లు నోట్లో తిరగవు. ఎవరో టైప్ చేసిన మాటలు, ఎవరూ పైకి చదివి చూసుకోని మాటలు. నేను బయట మెట్ల మీద కూర్చుని వాటిని నా నోటికి తగ్గట్టు మార్చుకుంటాను. ఒక్కోసారి అదే నచ్చి నవ్వుతారు. ఒక్కోసారి 'పేపర్‌లో ఉన్నది చెప్పు బాబూ' అంటారు.

అలా మార్చుకోవడం నుంచే రాయడం మొదలైంది. ఒక ఆఫీసులో నా కథ మొత్తం విన్నారు. టీ ఇప్పించారు. బాగుంది అన్నారు. నువ్వు కాకుండా వేరే ఎవరైనా హీరో అయితే చూద్దాం అన్నారు. ఒప్పుకుంటే డబ్బులొస్తాయి, అద్దె కట్టుకోవచ్చు. ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, ఆడిషన్‌కి వెళ్లినప్పుడు 'నేను రాస్తాను' అని చెప్పాలా, దాచిపెట్టాలా?

సీన్_పేపర్

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. కథ ఎవరికైనా చెప్పే ముందు తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకో. అది కథని ఎవరూ ఎత్తుకుపోకుండా ఆపే తాళం కాదు. కానీ రేపు పంచాయితీ అయితే చేతిలో ఒక కాగితం ఉంటుంది. నెరేషన్ ఇచ్చాక అదే రోజు చిన్న మెయిల్ పెట్టు, 'ఈరోజు మీకు ఫలానా కథ చెప్పాను, టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్' అని. మర్యాదా పోదు, తేదీ కూడా మిగులుతుంది.

ఆ ఆఫీసువాళ్లు అన్నదాంట్లో దుర్మార్గం లేదు, లెక్క ఉంది. కథకి ఇంత బడ్జెట్ అయితే హీరోకి ఇంత మార్కెట్ ఉండాలి అని చూస్తారు. కొత్త మొహం పెట్టుకుని రాసుకునేవాళ్లు అందుకే చిన్న కథ రాయాలి. చిన్నదంటే కథలో దమ్ము తక్కువని కాదు, లొకేషన్లు తక్కువ, జనం తక్కువ, రాత్రి షూటింగులు తక్కువ. 'క్షణం' చూడు. చిన్న ఖర్చులో తీశారు. తర్వాత అదే కథ తమిళంలో 'సత్య' అయింది, 2018లో హిందీలో టైగర్ ష్రాఫ్‌తో 'బాఘీ 2' అయింది. శేష్ మొహం ఇక్కడే ఉండిపోయినా అతని కథ బొంబాయి వెళ్లింది. రాసేవాడికి ఉన్న సుఖం అది.

ఆడిషన్‌లో చెప్పాలా అంటే, అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పొద్దు. ఆ గదిలో కూర్చున్న అసిస్టెంట్ డైరెక్టర్లు అందరూ రాసేవాళ్లే, పోటీకొచ్చావనుకుంటారు.

డాలస్_బాబాయ్

మా వాటా కూడా ఒకటుంది. ప్రవీణ్ సత్తారు అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసుకుంటూ సినిమా పిచ్చితో వెనక్కెళ్లిన మనిషి. అతని మొదటి సినిమాలో సిద్దూ ఉన్నాడు. 'చందమామ కథలు'కి జాతీయ అవార్డు వచ్చాక, అతను వెంటనే ఇంకో గంభీరమైన సినిమా తీస్తాడని మేమంతా అనుకుంటే, పాత కుర్రాణ్ని తీసుకొచ్చి గుంటూరు టాకీస్ తీశాడు. నాకైతే అప్పుడు మండింది. ఇప్పుడు చూస్తే ఆ కుర్రాడికి ఐదేళ్లు పని లేకపోయినా గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్క డైరెక్టర్ అతనే అనిపిస్తుంది. టాలెంట్ గురించి ఎంతైనా మాట్లాడండి, మొదట్లో నమ్మేవాడు ఒకడుండాలి.

రెండో_ఆట

బాబాయ్, ఐదేళ్లు పని లేదనడం కరెక్ట్ కాదు. మధ్యలో 'వల్లినం' ఉంది.

డాలస్_బాబాయ్

తెలుగులో హీరోగా అంటున్నా నాయనా.

లష్కర్_పోరడు

అందరూ స్క్రీన్‌ప్లే, బడ్జెట్ అంటున్నరు. టిల్లులో అసలు సంగతి నోరు. మాది సికింద్రాబాద్. మా గల్లీలో టిల్లు లాంటోళ్లు కనీసం ముగ్గురున్నరు. చేతిల రూపాయి ఉండదు, మాటల మాత్రం మహారాజులు. తెలుగు సినిమాల మా యాస పెడితే పనివాడికో, రౌడీకో, కమెడియన్‌కో పెట్టేటోళ్లు. ఇప్పుడిప్పుడే హీరోలకు వస్తుంది. టిల్లుకి వచ్చింది మాత్రం యాస ఒక్కటే కాదు, ఆ మనిషి ఆలోచించే తీరు.

టిల్లు మనసుపడ్డ పిల్ల రాధిక ఫ్లాట్ల శవం కనపడ్డ సీన్ యాది చేస్కోండి. మామూలు హీరో అయితే ధైర్యం చెప్తడు, ప్లాన్ ఏస్తడు. మామూలు కమెడియన్ అయితే కెవ్వుమని అరుస్తడు. టిల్లు రెండూ చెయ్యడు. మాట్లాడుతనే ఉంటడు. భయం ఎంత పెరిగితే మాట అంత పెరుగుతది. పారిపోవాలని ఉంటది, కానీ ఆ పిల్ల ముందు ఇజ్జత్ పోవద్దు. ఈ రెండింటి నడుమ ఇరుక్కున్నోని మాటలు అట్లనే వస్తయి. మా దోస్తు ఒకడు పోలీస్ స్టేషన్ల అచ్చం అట్లనే మాట్లాడి ఇంకో కేసు మీదేసుకున్నడు, అది వేరే కథ.

రచనల డైరెక్టర్ విమల్ కృష్ణ పేరు కూడా ఉంది, కాదనను. కానీ 'టిల్లు స్క్వేర్'కి డైరెక్టర్ మారి మల్లిక్ రామ్ వచ్చిండు. 2024ల ఆ సినిమా వంద కోట్ల పోస్టర్ ఏసుకుంది. డైరెక్టర్ మారినా ఆ నోరు మారలే. ఇంకేం సాక్ష్యం కావాలె?

పేటశీను

సాక్ష్యం సరిపోదు తమ్ముడూ. రెండో భాగం కదా, మొదటి దాంట్లో పాత్ర ఎలా మాట్లాడుతుందో ఎవడైనా పట్టుకుని రాయగలడు. మొదటిసారి పుట్టించడమే కష్టం, అందులో ఇద్దరి పేర్లున్నాయి.

లష్కర్_పోరడు

ఎవడైనా రాయగలిగితే ఇప్పటికి పదిమంది టిల్లులు హిట్ కొట్టాలె అన్నా. ట్రై చేసినోళ్లని చూసినం కదా.

వసంత_కోకిల

ఇక్కడ ఇద్దరూ వదిలేస్తున్న విషయం ఒకటుంది. 'కృష్ణ'లో ఉన్న కుర్రాడికీ టిల్లుకీ మాటలో పోలికే లేదు. ఒకడు నసిగేవాడు, ఒకడు ఆపకుండా వాగేవాడు. కానీ లోపల ఇద్దరూ ఒకే బాపతు: అమ్మాయి ముందు తెలివైనవాణ్ని అనుకుంటూ, ఆ అమ్మాయి తమకంటే రెండడుగులు ముందుందని ఆలస్యంగా తెలుసుకునేవాళ్లు. దర్శకులు వేరు, ఊళ్లు వేరు, ఆ బలహీనత మాత్రం ఒకటే. నాకు సిద్దూ సంతకం కనపడేది అక్కడ, యాసలో కాదు. తన హీరోని వెర్రివాణ్ని చేసుకోడానికి భయపడడు. తన కోసం తను రాసుకునే హీరోల్లో ఎంతమంది ఆ పని చేస్తారు?

సీన్_పేపర్

వసంత గారు మంచి మాట అన్నారు. ఎదురుగా కిరణ్ అబ్బవరం విషయం పెట్టి చూడండి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, షార్ట్ ఫిల్ములు చేసి, 2019లో 'రాజావారు రాణిగారు'తో వచ్చాడు. 2021లో 'ఎస్ఆర్ కల్యాణమండపం' కథ, స్క్రీన్‌ప్లే, మాటలు తనవే, థియేటర్లలో బాగా ఆడింది. మరుసటి ఏడాది 'నేను మీకు బాగా కావాల్సినవాడిని'కి కూడా కలం పట్టాడు, అది పోయింది. కారణాలు ఎన్నైనా చెప్పొచ్చు, నాకు తోచింది మాత్రం ఇది: మొదటి దాంట్లో తండ్రీకొడుకుల మధ్య ముల్లు ఉంది, రెండో దాంట్లో హీరో అందరికీ మంచి చేసే దేవుడు. నటుడు రాసుకునేటప్పుడు పక్కన కూర్చుని 'ఇక్కడ నువ్వు దెబ్బ తినాలి' అనే మనిషి ఒకడు కావాలి. సిద్దూకి రవికాంత్, విమల్ కృష్ణ ఉన్నారు. నవీన్ పొలిశెట్టి 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'కి డైరెక్టర్ స్వరూప్‌తో కలిసి స్క్రీన్‌ప్లే చేశాడు. ఒంటరిగా గదిలో కూర్చుని రాసుకున్నవాళ్లు తక్కువ. రాసుకున్నా ఎక్కువకాలం నిలబడలేదు.

పాతసినిమా_పంతులు

నవీన్ కూడా అదే దారి. 2012లో శేఖర్ కమ్ముల 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'లో ఉన్నాడు, 2014లో '1 నేనొక్కడినే'లో ఉన్నాడు, హీరో అయ్యేసరికి 2019. మధ్యలో బొంబాయి నాటకాలు, యూట్యూబ్ వీడియోలు. మా రోజుల్లో అయితే ఇలాంటి కుర్రాళ్లు మద్రాసు పాండీబజార్ చెట్ల కింద నిలబడి ముసలివాళ్లయిపోయేవాళ్లు.

అమీర్‌పేట_అద్దెగది

ఇప్పుడు కృష్ణానగర్ టీకొట్టు దగ్గర మాస్టారూ, చెట్లు కూడా లేవు.

సీన్_పేపర్ అన్నా, నా కథలో రాత్రి షూటింగులే ఎక్కువ. మొత్తం ఒక రాత్రిలో జరిగే కథ. పగటికి మారిస్తే చచ్చిపోతుంది. ఏం చేయమంటావు?

సీన్_పేపర్

అయితే దాన్ని లోపలికి తీసుకురా. ఒక అపార్ట్‌మెంట్, ఒక కారు, ఒక మెడికల్ షాపు. కిటికీలకి నల్లగుడ్డ కడితే మిట్టమధ్యాహ్నం కూడా రాత్రే. రోడ్డు మీద రాత్రి తీస్తే జనరేటర్, లైట్లు, పర్మిషన్, బేటాలు (యూనిట్‌కిచ్చే రోజువారీ బత్తా) అన్నీ పెరుగుతాయి. వన్‌లైన్ ఆర్డర్ (సీన్‌కి ఒక్క లైన్ చొప్పున వరస జాబితా) వేసి, ఎన్ని సీన్లు బయట ఉన్నాయో ఎర్ర పెన్నుతో గీసుకో. ఆ ఎర్ర గీతల్లో సగం ఇంట్లోకి వచ్చేస్తే నిర్మాత మొహం మారుతుంది. ఇంకోటి, ఆ పాత్ర నువ్వే చేయాలి అని మొదటి మీటింగ్‌లో చెప్పకు. నెరేషన్ నువ్వే ఇవ్వు. అన్ని పాత్రలూ చేసి చూపించు. వింటున్నవాడికి ఆ పాత్రలో నువ్వు తప్ప ఇంకెవరూ కనపడకపోతే వాళ్లే అడుగుతారు. అడక్కపోతే నెరేషన్ ఇంకా పదును పెట్టాలని అర్థం.

రెండో_ఆట

చర్చ మంచి దారిలో పోతోంది కాబట్టి ఒక చిన్న విషయం పడేస్తున్నా. టిల్లుకి మొదట ప్రకటించిన పేరు 'నరుడి బ్రతుకు నటన'. విశ్వనాథ్ గారి 'సాగర సంగమం' పాటలో వేటూరి గారి మాట. తర్వాత మార్చారు.

నేలటికెట్

ఆ పేరుతో వచ్చుంటే మా బ్యాచ్ విశ్వనాథ్ గారి శిష్యులెవరో తీశారనుకుని పంచె కట్టుకుని వెళ్లేవాళ్లం.

పాతసినిమా_పంతులు

నవ్వులాటకి అన్నా, పేరు కథకి సరిగ్గా సరిపోయింది. అందరూ అందరి ముందూ నటించే కథే కదా అది. కాకపోతే ఆ పేరు గోడ మీద చూసి పాతికేళ్ల కుర్రాడు టికెట్ కొనడు.

లష్కర్_పోరడు

పంతులు సార్, మా గల్లీల ముగ్గురు టిల్లులు కూడా కొనకపోదురు. పేరు మార్చుడే మంచిగైంది.

వసంత_కోకిల

నేను ఒప్పుకోను. ఆ పేరుతో వచ్చినా ఆడేది. మొదటి రోజు మీరు వెళ్లకపోయినా, వెళ్లొచ్చినవాళ్లు మీ గల్లీకొచ్చి చెప్పేవాళ్లు.

అమీర్‌పేట_అద్దెగది

అన్నా, లెక్క గీశాను. నలభై రెండు సీన్లలో బయటివి పందొమ్మిది. పదకొండు లోపలికి తెచ్చేశాను. మిగతా ఎనిమిదీ ఫ్లైఓవర్ కింద జరుగుతాయి, వాటిని కదిలించలేకపోతున్నా.

సీన్_పేపర్

ఎనిమిది పర్లేదు, ఉంచు. అన్నీ ఒకే ఫ్లైఓవర్ కింద పెట్టు.